డెస్క్‌టాప్ మీద గూళ్లు

వెల్గటూర్‌లో ఏ ఇంటికైనా వెళ్లి, "ముఖ్యమైన కాగితాలు ఎక్కడ దాస్తారమ్మా?" అని అడగండి. సందుగ చూపిస్తారు. పట్టుచీర మడతల కింద ప్లాస్టిక్ కవరు, ఆ కవర్లో పట్టాదారు పాస్‌బుక్కు, బీడీ కంపెనీ ఇచ్చిన పీఎఫ్ కాగితం, దుబాయిలోనో మస్కట్‌లోనో వున్న ఇంటాయన పాస్‌పోర్టు జిరాక్సు, పిల్లల టెన్త్ మెమోలు. చీకట్లో చెయ్యి పెట్టినా ఏది ఎక్కడుందో ఇల్లాలికి తెలుస్తుంది.

ఇప్పుడవే కాగితాలు కంప్యూటర్‌లోకి కూడా చేరాయి. పిల్లవాడి చదువు కోసం కొన్న లాప్‌టాప్‌లో కొన్ని, మీసేవలో స్కాన్ చేయించి పెన్‌డ్రైవ్‌లో వేయించుకున్నవి కొన్ని, గల్ఫ్ నుంచి వాట్సాప్‌లో వచ్చినవి కొన్ని.

"ఏడ వెట్టినవ్ బిడ్డా?" అంటే, "కంప్యూటర్ల ఉన్నదమ్మా" అంటుంది కూతురు. ఆ జవాబు "సందుగలో వుంది" అన్నట్టు కాదు, "ఊళ్లో వుంది" అన్నట్టు! ఊళ్లో ఏ వాడలో, ఎవరింట్లో?

అందుకే ఈ వారం మన శీర్షికలో డెస్క్‌టాప్ గురించీ, దాని మీద కనబడే పసుపుపచ్చ ఫోల్డర్ల గురించీ చెప్పుకుందాం. ఇందులో పెద్ద చదువులతో పనిలేదు. వంటింటి అల్మారా సర్దడం వచ్చిన ప్రతి గృహిణికీ ఇందులో సగం విద్య ముందే వచ్చేసినట్టు.

ఆఫీసు బల్ల చూసి పెట్టిన పేర్లు

కంప్యూటర్ పెట్టగానే తెర నిండా ఒక బొమ్మా, దాని మీద చిన్న చిన్న గుర్తులూ కనిపిస్తాయి. అదే డెస్క్‌టాప్. అంటే బల్ల పైభాగం. ఈ పేరు ఎందుకొచ్చిందో తెలిస్తే సగం గాభరా పోతుంది.

మొదట్లో కంప్యూటర్‌తో పని చేయాలంటే నల్లటి తెర మీద ఇంగ్లీషు ఆజ్ఞలు టైపు చేయాల్సి వచ్చేది. మామూలు ఆఫీసు ఉద్యోగులు కూడా వాడుకోవాలంటే ఏం చేయాలని అమెరికాలో జిరాక్స్ కంపెనీవాళ్లు ఆలోచించారు. అవును, మన జిరాక్సు మిషన్ల కంపెనీయే. ఉద్యోగి రోజూ చూసేవేమిటి? ఎదురుగా బల్ల, బల్ల మీద కాగితాలు, కాగితాలు పెట్టుకునే అట్ట ఫోల్డర్లు. వాటి బొమ్మల్నే తెర మీదకి తెచ్చి, 1981లో స్టార్ అనే కంప్యూటర్‌ని బజార్లోకి వదిలారు. తర్వాత ఆపిల్ కంపెనీ 1983లో లీసా, 1984లో మకింటోష్ అనే కంప్యూటర్లలో ఇదే పద్ధతి తెచ్చింది. మన దగ్గర ఎక్కువమంది వాడే విండోస్‌లో ఈనాటి తరహా డెస్క్‌టాప్, దాని మీద ఫోల్డర్లు, చెత్తబుట్ట, 1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95తో మొదలయ్యాయి. అంతకు ముందు ఫోల్డర్‌ని డైరెక్టరీ అనేవారు.

చూశారా, ఇవన్నీ ఆఫీసు బల్ల చూసి పెట్టిన పేర్లు. మన ఇళ్లలో అట్ట ఫోల్డర్లు ఎప్పుడున్నాయి గనుక? మనకున్నవి గోడలో గూళ్లు, సందుగలు, అటక మీది డబ్బాలు. ఆ కంప్యూటర్ని ఇల్లాళ్ల కోసం తయారు చేసివుంటే ఫోల్డర్‌కి "గూడు" అని పేరు పెట్టేవారేమో! పేరేదైనా పని ఒకటే. ఫైలు అంటే దినుసు: ఒక ఫోటో, ఒక స్కాన్ కాగితం, ఒక ఉత్తరం. ఫోల్డర్ అంటే ఆ దినుసు పెట్టుకునే డబ్బా. డబ్బాలో ఇంకో చిన్న డబ్బా కూడా పెట్టుకోవచ్చు, పోపులపెట్టెలో గిన్నెలున్నట్టు.

డెస్క్‌టాప్ కూడా ఒక ఫోల్డరే

చాలామందికి తెలియని సంగతి ఇది. డెస్క్‌టాప్ అనేది కంప్యూటర్ పైన విడిగా పరిచిన చాప కాదు. అదీ లోపలి ఫోల్డర్లలో ఒకటి. సి డ్రైవ్ అనే పెద్ద గదిలో యూజర్స్ అనే గూడు, అందులో మీ పేరుతో ఒక గూడు, అందులో డెస్క్‌టాప్ అనే గూడు. పక్కనే డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్ వుంటాయి. డెస్క్‌టాప్‌కి వున్న ప్రత్యేకత ఒక్కటే: కంప్యూటర్ పెట్టగానే అందులోవి ఎదురుగా కనబడతాయి.

మన ఇంటి ముందు అరుగు లాంటిదన్నమాట. వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ కనబడుతుంది, చెయ్యి చాస్తే అందుతుంది. కాబట్టే ప్రతిదీ దాని మీదే పెట్టేస్తాం. కూరగాయల సంచి, గొడుగు, పిల్లల చెప్పులు, కరెంటు బిల్లు. నాలుగు రోజులకి కూర్చోవడానికి జాగా వుండదు. డెస్క్‌టాప్ గతి కూడా అంతే. డెబ్బై ఎనభై గుర్తులు పరిచేశాక ఏది ఏదో ఎవరికి తెలుస్తుంది?

ఇంకో మాట. డెస్క్‌టాప్ మీద గుర్తుని కుడివైపు మూలకి జరిపినంత మాత్రాన అది వేరేచోట దాచినట్టు కాదు. అరుగు మీదే అటు నుంచి ఇటు జరిపినట్టు, అంతే. ఫోల్డర్ లోపల వేస్తేనే చోటు మారినట్టు.

పట్టా మారినట్టు

ఫోల్డర్ లోపల నిజంగా ఏముంటుంది? డబ్బా అని చెప్పుకున్నాం గానీ, లోపలి రహస్యం వేరు. అది తెలిస్తే చాలా అనుమానాలు తీరతాయి.

భూమి సంగతే చూడండి. తండ్రి పేరున వున్న రెండెకరాలు కొడుకు పేరుకి మారాయనుకోండి. చెలక ఒక్క అంగుళమైనా జరిగిందా? లేదు. బావి అక్కడే, గట్టు అక్కడే. రికార్డులో పేరు మారింది, అంతే. కంప్యూటర్ కూడా ఇలాంటి రికార్డే రాసుకుంటుంది. ఫలానా ఫైలు, ఫలానా ఫోల్డర్ కింద, దాని అసలు సరుకు డిస్కులో ఫలానా చోట అని. ఫోల్డర్ అంటే ఆ రికార్డులో ఒక పేజీ.

అందుకే గంటసేపు నడిచే పెళ్లి వీడియోని కూడా ఒక ఫోల్డర్ నుంచి ఇంకో ఫోల్డర్‌కి మారిస్తే కనురెప్ప పాటులో అయిపోతుంది. సరుకు కదలదు, రికార్డు మారుతుంది. అదే వీడియోని పెన్‌డ్రైవ్‌లోకి పంపితే చాలాసేపు పడుతుంది. పెన్‌డ్రైవ్ వేరే డిస్కు కాబట్టి అక్కడ సరుకంతా మళ్లీ రాయాలి.

ఇందులోంచే ఇంకో నియమం పుట్టింది. మౌసుతో పట్టుకుని లాగి వదిలితే, అదే డ్రైవ్‌లో అయితే ఫైలు ఇక్కడ పోయి అక్కడికి చేరుతుంది. పెన్‌డ్రైవ్‌లోకి లాగితే ఇక్కడ ఒకటి వుంటుంది, అక్కడ ఇంకొకటి తయారవుతుంది. "పెన్‌డ్రైవ్‌లో వేశాను, ఇక్కడ ఎందుకు పోలేదు?" అనే అనుమానానికి జవాబు ఇదే.

తీసేయడం కూడా రికార్డు వ్యవహారమే. డిలీట్ నొక్కితే ఫైలు ముందు రీసైకిల్ బిన్ అనే చెత్తబుట్టలోకి వెళ్తుంది. బుట్ట తెరిచి, దాని మీద కుడి బటన్ నొక్కి రీస్టోర్ అంటే ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. కానీ మూడు జాగ్రత్తలు మరిచిపోకండి. పెన్‌డ్రైవ్‌లో తీసేసినవి ఈ బుట్టలోకి రావు, అవి నేరుగా పోతాయి. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ నొక్కినా అంతే. ఇక ఫోల్డర్‌ని తీసేస్తే గూటితో పాటు గూట్లో వున్నవన్నీ వెళ్లిపోతాయి. ఖాళీదే కదా అనుకుని తీసేముందు ఒకసారి తెరిచి చూడండి. వెంటనే తెలిసివస్తే కంట్రోల్ పట్టుకుని జడ్ నొక్కండి, చాలాసార్లు చేసిన పని వెనక్కి వచ్చేస్తుంది.

బాణం గుర్తు చూశారా?

డెస్క్‌టాప్ మీద కొన్ని గుర్తులకి ఎడమవైపు కింద చిన్న వంకర బాణం వుంటుంది. దాన్ని షార్ట్‌కట్ అంటారు. అది సరుకు కాదు, సరుకున్న చోటికి దారి చూపించే చీటీ. అటక మీద బెల్లం వుందని వంటింటి తలుపు మీద చీటీ అతికించారనుకోండి. చీటీ చింపేస్తే బెల్లం పోదు. అలాగే బాణం వున్న గుర్తుని తీసేస్తే అసలు ఫైలుకి ఏమీ కాదు.

దీనికి తిరకాసు కూడా వుంది. ఊరెళ్లేటప్పుడు ఆ బాణం గుర్తుని పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్తే చీటీ మాత్రమే మీ వెంట వస్తుంది, బెల్లం అటక మీదే వుంటుంది! జగిత్యాల దాకా బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లాక, కౌంటర్ దగ్గర ఫైలు తెరుచుకోకపోతే ఎంత ఉసూరుమంటుంది! కాబట్టి పెన్‌డ్రైవ్‌లో వేశాక, పెన్‌డ్రైవ్ తెరిచి, అందులోంచే ఫైలు తెరిచి చూసుకున్నాకే ఇల్లు కదలండి.

వంటలతో చెయ్యి తిప్పుకుందాం

కొత్త పెనం మీద మొదట చిన్న దోసె వేసి చూసుకుంటాం కదా. అలాగే ముఖ్యమైన కాగితాలు ముట్టుకునే ముందు వంటల ఫోల్డర్‌తో అలవాటు చేసుకుందాం.

డెస్క్‌టాప్ మీద ఖాళీ జాగాలో మౌసు కుడి బటన్ నొక్కండి. వచ్చే పట్టికలో న్యూ, దాని పక్కన ఫోల్డర్ అని వుంటుంది. నొక్కితే పసుపుపచ్చ డబ్బా వస్తుంది, పేరు రాయమని గడి మెరుస్తుంటుంది. "వంటలు" అని రాసి ఎంటర్ కొట్టండి. తెలుగులో పేరు పెట్టినా కంప్యూటర్‌కి అభ్యంతరం లేదు. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు కీబోర్డు చేర్చుకుంటే సరి. పేరు తప్పు పడితే దాని మీద ఒకసారి నొక్కి, కీబోర్డు పై వరసలో ఎఫ్2 నొక్కి దిద్దుకోండి. కొన్ని లాప్‌టాప్‌లలో ఎఫ్‌ఎన్ అనే మీట కూడా కలిపి పట్టుకోవాలి.

ఇప్పుడు వంటలు ఫోల్డర్ తెరవండి. లోపల ఇదే పద్ధతిలో ఇంకో మూడు చేయండి: పిండివంటలు, పచ్చళ్లు, కూరలు. సకినాల ఫోటో, కొలతలు రాసుకున్న కాగితం ఫోటో పిండివంటల్లోకి. మామిడికాయ తొక్కు కొలతలు పచ్చళ్లలోకి. ఫైలు మీద నొక్కి, కంట్రోల్ పట్టుకుని ఎక్స్ నొక్కితే అక్కడి నుంచి తీసినట్టు. వేరే ఫోల్డర్ తెరిచి, కంట్రోల్ పట్టుకుని వి నొక్కితే అక్కడ పెట్టినట్టు. ఎక్స్ బదులు సి నొక్కితే అక్కడా వుంటుంది, ఇక్కడా వుంటుంది.

ఒక్క సలహా. డబ్బాలో డబ్బా పెట్టొచ్చన్నాం కదా అని ఏడెనిమిది పెట్టుకుంటూ పోకండి. మూడు మెట్లు దాటితే దిగే దారి మీకే గుర్తుండదు.

పేరు లేని నాణెం ఎవరిది?

మన వెల్గటూర్ మండలంలోనే, గోదావరి ఒడ్డున కోటిలింగాల వుంది. అక్కడ శాతవాహనుల కాలం నాటి నాణేలు దొరికాయి. శాతవాహన వంశానికి మూలపురుషుడని చెప్పే సిముకుడి పేరున్నవి కూడా వాటిలో వున్నాయి. రెండువేల ఏళ్లు మట్టిలో పడివున్న నాణెం ఎవరిదో ఇవాళ మనం చెప్పగలుగుతున్నామంటే కారణం ఏమిటి? దాని మీద పేరుంది కాబట్టి! పేరు లేకపోతే అది రాగి ముక్క, అంతే.

మీ కంప్యూటర్‌లో స్కాన్ 0001, స్కాన్ 0002 అని, న్యూ ఫోల్డర్, న్యూ ఫోల్డర్ 2, న్యూ ఫోల్డర్ 3 అని వుంటే అవన్నీ పేరు లేని నాణేలే. సర్దడమంటే ముందు పేరు పెట్టడం. దానికి కొన్ని సులువులు చెప్తాను.

ఒకటి, వస్తువు పేరు పెట్టండి, ఆఫీసు పేరు వద్దు. ఆఫీసుల పేర్లు మారిపోతుంటాయి. 2016 అక్టోబరు దాకా మనది కరీంనగర్ జిల్లా, ఆ తర్వాత జగిత్యాల జిల్లా. భూముల రికార్డుకి 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని చోట భూభారతి వచ్చింది. ధరణి అనే ఫోల్డర్‌లో వేసిన కాగితం కోసం రేపు మీ బిడ్డ భూభారతి అని వెతుకుతుంది. "భూమి" అని పెట్టండి. ఎన్ని ప్రభుత్వాలు మారినా భూమి భూమే కదా.

రెండు, పేరులో మనిషి, కాగితం, తేదీ మూడూ రానివ్వండి. "అత్తమ్మ పింఛను 2024-06-12" అన్నట్టు. తేదీలో సంవత్సరం ముందు, తర్వాత నెల, తర్వాత రోజు రాస్తే, పేర్ల వరసలో పెట్టినప్పుడు అదే మనిషి కాగితాలు పాతవి ముందూ కొత్తవి వెనకా వాటంతటవే నిలబడతాయి. తేదీ మధ్యలో గీత అడ్డంగా వుండాలి. మనం కాగితం మీద రాసే ఏటవాలు గీతని విండోస్ పేర్లలో ఒప్పుకోదు. ప్రశ్నార్థకం, నక్షత్రం గుర్తు కూడా అంతే.

మూడు, ఫోల్డర్లకి ముందు అంకె పెట్టండి. 01 భూమి, 02 బీడీ పీఎఫ్, 03 గల్ఫ్ అన్నట్టు. అంకెలున్నవి ముందుకొచ్చి వరసగా కూర్చుంటాయి. రోజూ చూసేది మొదటి అంకెకి ఇచ్చుకోండి.

నాలుగు, ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు వుండవు. ఒకే ఇంట్లో ఇద్దరు రాజవ్వలుంటే పెద్ద రాజవ్వ, చిన్న రాజవ్వ అంటాం కదా, అలా తేడా పెట్టుకోండి. అదే పేరున్నది వుంది, రీప్లేస్ చేయమంటావా అని కంప్యూటర్ అడిగితే తొందరపడి అవుననకండి. పాతది పోయి కొత్తది కూర్చుంటుంది.

మన ఇళ్లలో ఏ గూళ్లు కావాలి?

మన ప్రాంతపు సంసారాలకి పనికొచ్చే ఏర్పాటు ఒకటి చెప్తాను. కౌంటర్ దగ్గర మనల్ని ఏమడుగుతారో దాన్ని బట్టి గూళ్లు చేసుకోవాలి.

గల్ఫ్ అనే గూడు. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు మగవాళ్లు అక్కడ పనికి వెళ్లిన ఇళ్లు ఎన్నో వున్నాయి. పాస్‌పోర్టు మొదటి పేజీ, చివరి పేజీ, వీసా, ఉద్యోగం ఒప్పంద పత్రం, అక్కడి గుర్తింపు కార్డు, కంపెనీ ఫోను నంబరు, ప్రవాసీ భారతీయ బీమా పాలసీ కాపీ ఇందులో వుండాలి. వలస అనుమతి అవసరమైన పాస్‌పోర్టుతో వెళ్లే కార్మికులకి ఈ బీమాలో ప్రమాద మరణానికి 10 లక్షల రూపాయల రక్షణ వుంది. గల్ఫ్‌లో చనిపోయిన కార్మికుల కుటుంబాలకి 5 లక్షల రూపాయల సాయం ఇవ్వాలని తెలంగాణ ప్రభుత్వం 2024లో ఉత్తర్వులిచ్చింది. చెడు మాట చెప్పాలని కాదు. అలాంటి గడియ ఏ ఇంటికీ రాకూడదు. కానీ పాస్‌పోర్టు పోయినా, జీతం ఆగినా, జబ్బు చేసినా ముందు అడిగేది పాస్‌పోర్టు నంబరే. అది ఆయన ఫోన్‌లోనే వుండి, ఆ ఫోనే పోతే? వేల మైళ్ల దూరంలో వున్న మనిషికి ఆ రోజు ఆసరా ఈ పసుపుపచ్చ డబ్బానే. ఆయన పోయినసారి సెలవుకి వచ్చి వెళ్లాక వీసా మారివుంటే కొత్తది అడిగి తెప్పించుకుని ఇందులో వేయండి.

బీడీ పీఎఫ్ అనే గూడు. చాటలో ఆకు వేసుకుని రోజంతా నడుం వంచి బీడీలు చేసిన కష్టం ఆ పీఎఫ్ ఖాతాలో వుంటుంది. బీడీ కార్మికులకి ప్రభుత్వం 2015లో జీవనభృతి మొదలుపెట్టినప్పుడు కూడా పీఎఫ్ ఖాతానే ఆధారంగా తీసుకుంది. యూఏఎన్ నంబరు, కార్మికుల గుర్తింపు కార్డు, పాస్‌బుక్కు, ఆధార్ ఇందులో పెట్టండి. పెట్టేటప్పుడే ఆధార్‌లో పేరూ పీఎఫ్‌లో పేరూ పక్కపక్కన తెరిచి చూడండి. ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తింటి ఇంటిపేరు వుంటే డబ్బు తీసుకునే రోజున చిక్కొస్తుంది. తీరిక వున్నప్పుడే దిద్దించుకోవడం మంచిది.

భూమి అనే గూడు. పాస్‌బుక్కు, పహాణీ నకళ్లు, రిజిస్ట్రేషన్ కాగితాలు. ఎల్లంపల్లి నీళ్లలో ఊళ్లు మునిగి పునరావాస కాలనీలకి మారిన కుటుంబాలకి పరిహారం కాగితాలు, ఇంటి జాగా పట్టా కూడా ఇందులోకే. ఊరు నీళ్లలో కలిసినా ఊళ్లో మనకి ఇల్లుండేదని చెప్పేది ఆ కాగితమే.

ఇక పిల్లల పేర్లతో ఒక్కొక్క గూడు, ఆరోగ్యం అని ఒకటి. చాలు.

"పెద్దోడి పాస్‌పోర్టుని గల్ఫ్‌లో పెట్టాలా, వాడి పేరున్న గూట్లో పెట్టాలా?" అన్న ధర్మసందేహం వస్తుంది. ఒక్కచోటే పెట్టండి, రెండోచోట బాణం గుర్తున్న చీటీ పెట్టుకోండి. రెండు అసళ్లు పెడితే ఒకదాన్ని మార్చి ఇంకోదాన్ని మరిచిపోతాం. ఏది కొత్తదో తేలదు.

అరుగు మీదివి అరుగుతోనే పోతాయి

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇప్పుడు చెప్తున్నాను. కంప్యూటర్ మొరాయిస్తే రిపేరుకి ఇస్తాం. విండోస్ మళ్లీ వేయాలంటారు. విండోస్ వుండేది సి డ్రైవ్‌లో. డెస్క్‌టాప్ వుండేదీ సి డ్రైవ్‌లోనే అని చెప్పుకున్నాం కదా. సి డ్రైవ్‌ని ఫార్మాట్ చేస్తే, అంటే కడిగేస్తే, డెస్క్‌టాప్ మీద మీరు అందంగా సర్దుకున్న గూళ్లన్నీ నీళ్లతో కొట్టుకుపోతాయి. డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ కూడా మామూలుగా అక్కడే వుంటాయి.

కాబట్టి రిపేరుకి ఇచ్చే ముందు ఈ మాట గట్టిగా చెప్పండి: "డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్ నాలుగూ వేరే డిస్కులోకి కాపీ చేసి, నాకు తెరిచి చూపించి, అప్పుడు ఫార్మాట్ చేయండి." ఇంట్లోనే రీసెట్ చేసుకుంటే, నా ఫైళ్లు వుంచు, అన్నీ తీసేయి అని రెండు దారులు చూపిస్తుంది. ఇంగ్లీషు చదివి అర్థం చేసుకున్నాకే నొక్కండి.

ఇంతకంటే మంచిది ముందుచూపు. ఇంటి కాగితాలన్నీ ఒక్క పెద్ద ఫోల్డర్‌లో వుంటే ఎంత సులువో చూడండి. "మన ఇల్లు" అని ఒకటి చేసి, పైన చెప్పిన గూళ్లన్నీ అందులో పెట్టండి. నెలకోసారి ఆ ఒక్క ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుంటే సరి, గంపతో సహా ఎత్తి పెట్టినట్టు. ఆ పెన్‌డ్రైవ్ ఎక్కడ దాచాలంటారా? ఇంకెక్కడ, సందుగలోనే. పట్టుచీర మడతల కింద!

కొన్ని లాప్‌టాప్‌లలో వన్‌డ్రైవ్ అనేది డెస్క్‌టాప్‌ని ఇంటర్నెట్‌లో కూడా దాస్తుంది. మంచిదే గానీ ఉచితంగా ఇచ్చే జాగా 5 జీబీయే. పెళ్లి వీడియోలతో అది నిండిపోతే కొత్త కాగితాలు దాయడం ఆగిపోతుంది. ఆధార్, టెన్త్ మెమో లాంటి వాటికి కేంద్ర ప్రభుత్వం 2015లో మొదలుపెట్టిన డిజిలాకర్ కూడా వుంది. ఎన్ని వున్నా సందుగలో అసలు కాగితాన్ని మాత్రం పారేయకండి.

ఇంకో జాగ్రత్త, పరాయి కంప్యూటర్ల గురించి. ఇంటర్నెట్ సెంటర్లో మన ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు స్కాన్ చేస్తే ఆ ఫైళ్లు వాళ్ల డెస్క్‌టాప్ మీద పడతాయి. మనం డబ్బులిచ్చి వచ్చేస్తాం, అవి అక్కడే వుంటాయి. అంటే మన కాగితాలు వేరొకరి అరుగు మీద! మొహమాటపడకుండా, "డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి తమ్మీ" అని అడగండి. మీ ఎదుటే చేయించండి. ఫోల్డర్‌కి దానంతట దానికి తాళం వుండదు. ఇంట్లో కంప్యూటర్‌కైనా పాస్‌వర్డ్ పెట్టుకోవాల్సింది అందుకే.

తాళంచెవి ఎవరి కొంగున?

చాలా ఇళ్లలో జరుగుతున్నది ఒకటుంది. కంప్యూటర్ పిల్లలది అనుకుని తల్లి దాని జోలికి పోదు. కొడుకు తనకి తోచిన పేర్లతో దాస్తాడు. రేపు వాడూ హైదరాబాదుకో గల్ఫ్‌కో వెళ్తాడు. ఇంట్లో మిగిలేది మీరు, ఆ లాప్‌టాప్. తహసీల్దారు ఆఫీసు నుంచి ఫోనొస్తే, "వాడికి తెలుసు, వాడు ఎత్తడం లేదు" అని చెప్పుకోవాల్సిన పరిస్థితి.

పేర్లు పెట్టినవాళ్లకే వస్తువు దొరుకుతుంది. డబ్బాల మీద చీటీలు మీరు అతికించారు కాబట్టే వంటింట్లో జీలకర్ర ఎక్కడుందో మీకు తెలుసు. కాబట్టి టైపు చేయడం కొడుకో కూతురో చేసినా సరే, పక్కన కూర్చుని పేర్లు మీరు చెప్పండి. సందుగ తాళంచెవి మీ కొంగున ముడేసుకున్నారు కదా, దీనిది మాత్రం ఎందుకు వదులుకోవాలి?

ఈ వారానికి మీకిచ్చే పని చిన్నదే. "మన ఇల్లు" ఫోల్డర్ చేయండి. అందులో మూడే మూడు కాగితాలు సరైన పేర్లతో వేయండి. తర్వాత అన్నీ మూసేసి, కీబోర్డు మీద కిటికీ బొమ్మ వున్న మీట నొక్కి, ఒక కాగితం పేరు టైపు చేసి చూడండి. ఎక్కడున్నా వెతికి తెచ్చి ముందు పెడుతుంది. పేరు గుర్తుంటే చాలు.

పేరు మీరు పెట్టిందే కదా, ఎందుకు గుర్తుండదు?